పాస్టరుగారి కారు స్థలంలో పిట్ట

ఏప్రిల్ నుంచి నేను తీసిన ఫొటోలు నూట పన్నెండు. వాటిలో కొంగలున్నాయి, రోడ్డు దాటుతున్న తాబేలుంది, చెట్టుకొమ్మ మీద కునుకు తీస్తున్న ముళ్ళపంది ఉంది. అన్నిటికీ ముందు మా డీకన్ పిర్ర ఉంది.

"దీనికి 'వసంతంలో ఒక పిర్ర' అని పేరు పెట్టవే పిల్లా. బాగా అమ్ముడుపోతుంది," అంది హెల్మీ, ఫొటోలు తిరగేస్తూ.

హెల్మీ మా అత్తగారు. పేరు పెట్టే పిలుస్తాను. 'అమ్మా' అంటే వయసు గుర్తొస్తుందని మండిపడుతుంది. కెమెరా ఆవిడదే, ఫైర్‌స్టేషన్ వాళ్ళ లాటరీలో గెలిచింది. మా కుక్కకి డీకన్ అని పేరు కూడా ఆవిడే పెట్టింది. వాడు ఆదివారం పొద్దున నోరు తెరుచుకుని నిద్రపోయి, భోజనాల వేళకి ఠంచనుగా లేస్తాడు కాబట్టి చర్చిలో పాస్టరుకి సాయపడే డీకన్ పదవికి తగినవాడేనట.

డీకన్ నిజానికి వేటకుక్క. మా ఆయన రస్ కొన్నాడు. అడవికోడి కనిపిస్తే కాలెత్తి, తోక నిటారుగా పెట్టి, బొమ్మలా నిలబడి చూపించాలి. వీడు పోస్టు డబ్బాకి నిలబడతాడు, గ్యాస్ ట్యాంకుకి నిలబడతాడు, హెల్మీ ఆరేసిన లంగాకి అరగంట నిలబడతాడు. అడవికోడి పక్కనుంచి పోయినా ఆవలిస్తాడు.

ఈ ఫొటోలు నా సరదాకి కాదు. మా ఆర్వోకి రెండున్నరేళ్ళు. ఒక్క మాట లేదు. వేలు చూపిస్తాడు, మూలుగుతాడు, నవ్వుతాడు, అంతే. పోయిన నెల జిల్లా నుంచి పిల్లలకి మాటలు నేర్పే ఓడెట్ గారు వచ్చారు. వంతెన అవతలి పెద్ద నగరం ఆవిడది, మా వైపుకి కొత్త. "కార్టూను బొమ్మల పుస్తకాలు పక్కన పెట్టండి. వాడు కళ్ళారా చూసినవాటికే ఫొటోలు తీసి పుస్తకం చెయ్యండి. చూసిన చోటే పేరు చెప్పండి, మళ్ళీ మళ్ళీ చెప్పండి," అన్నారు. మే రెండో శుక్రవారం మళ్ళీ వస్తానన్నారు. అప్పటికి ఒక్క మాటైనా రాకపోతే నాలుగు గంటల దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి రాస్తారట. అక్కడ తల పరీక్షలు, ఇంటి సంగతుల మీద ప్రశ్నలు.

ఆవిడిచ్చిన కాగితంలో 'తల్లి చదువు' అని ఒక గడి ఉంది. 'పదకొండో తరగతి సగం' అని రాశాను. మిగతా సగం అప్పుడు నా ఒళ్ళో కూర్చుని పెన్ను మూత నములుతోంది. ఓడెట్ గారు ఆ గడి చదివి కాగితం తిప్పేశారు. ఆ తిప్పడమే నాకు నిద్ర లేకుండా చేసింది. వాడికి మాట రాకపోతే తప్పు నాదేనని, సగం చదువు తల్లి దగ్గర మాటలెక్కడుంటాయని, ఆ పెద్దాసుపత్రిలో ఎవరో ఒకరు రాస్తారు. అది నాకు తెలుసు.

"నీ దగ్గర మాటలకి కరువా? నువ్వు ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వవు. వాడు ఎక్కడ దూరతాడు మధ్యలో?" అన్నాడు రస్. దుంగల లారీ తోలి ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా. "నేనూ నాలుగేళ్ళ దాకా మాట్లాడలేదు."

"ఇప్పుడు మాత్రం పెద్ద ఉపన్యాసాలిస్తున్నావులే," అంది హెల్మీ.

అందుకని రోజూ నడక. ఆర్వో వీపు మీద సంచీలో, కెమెరా మెడలో, డీకన్ గొలుసు మణికట్టుకి. జేబులో ఎలుగుబంటి మీద కొట్టే మందు, ఈల, రెండు జతల మేజోళ్ళు, పిడుదులు పీకే పట్టకారు. చలికాలమంతా పడుకున్న ఎలుగులు అప్పుడే నిద్ర లేచి ఆకలిమీదుండే రోజులు. "ఎలుగొస్తే దానికి డీకన్‌ని ఇచ్చెయ్. ఉమ్మేస్తుంది, ఈలోగా నువ్వు పరిగెత్తొచ్చు," అని హెల్మీ ధైర్యం చెప్పి పంపేది.

రంపంమిల్లు రోడ్డు మీదుగా, చిత్తడినేల పక్కనుంచి, చర్చి దాకా వెళ్ళి వెనక్కి. "కప్ప, ఆర్వో, కప్ప. కప్ప అను." వాడు నా జడ లాగేవాడు. "కొంగ. కొంగలు రెండు. కొంగ అనరా నాన్నా." జడ. ఈలోగా డీకన్ కొంగల మధ్యకి దూకేవాడు. నాకు మళ్ళీ తోక ఫొటో.

చర్చి ముందు కంకర నేలలో, సరిగ్గా పాస్టర్ ఎక్లుండ్ గారు కారు పెట్టుకునే చోట, కిల్‌డీర్ పిట్ట గుడ్లు పెట్టింది. మెడకి రెండు నల్ల పట్టీలు, సన్నటి కాళ్ళు, గుండెలదిరే గొంతు. గూడంటూ ఉండదు. కంకరలోనే నాలుగు గుడ్లు, రాళ్ళకీ వాటికీ తేడా తెలీదు. ఏటా ఎక్కడో ఒకచోట పెడుతుంది, ఏటా మా వాళ్ళు దాని చుట్టూ రోడ్డు పనుల్లో పెట్టే నారింజరంగు శంకులు నాలుగు నిలబెట్టి, కార్లు గడ్డిలో పెట్టుకుంటారు. ఈ ఏడు పాస్టరుగారి వంతు. మొదటి ఆదివారమే ఆయన కారు ఇరుసు దాకా బురదలో దిగబడింది. ప్రసంగం 'ఓర్పు' మీద. అయ్యాక ఎనిమిది మంది కలిసి తోశారు. ఆయన మొహం మీద బురద పడ్డప్పుడు ఓర్పు ఎంతుందో అందరం చూశాం.

ఆ పిట్ట దగ్గరికి ఎవరైనా వెళితే చాలు, గుడ్ల మీంచి లేచి పక్కకి పరిగెత్తి, ఒక రెక్క నేలకీడ్చి, తోక విప్పి, ప్రాణం పోతున్నట్టు అరుస్తుంది. ఈ కుంటిదాన్ని పట్టుకుందామని వెనకపడితే కాస్త కాస్త దూరం జరుగుతూ గుడ్లకి దూరంగా లాక్కుపోయి, అప్పుడు హాయిగా ఎగిరిపోతుంది. మా ఊళ్ళో మూడేళ్ళ పిల్లలకి కూడా ఇది తెలుసు. డీకన్‌కి తెలీదు.

నిన్న మోసపోయాడు, ఇవాళ మోసపోయాడు, రేపూ మోసపోతాడు. గొలుసు తెంపుకునేంత ఊపులో నన్నూ ఆర్వోనీ ఈడ్చుకుంటూ పోయేవాడు. నేను వెనక నుంచి, "నాటకంరా వెధవా! నాటకం!" అని గొంతు చించుకునేదాన్ని. పిట్ట తుర్రుమనేది. వీడు దాన్ని నేనే దాచేశానన్నట్టు నా వంక చూసేవాడు. వీపు మీద ఆర్వో ఎక్కిళ్ళొచ్చేలా నవ్వేవాడు.

ఒకసారి పాస్టరుగారు మెట్ల మీదనుంచి, "జోలీన్, ప్రభువు గుమ్మం ముందు ఆ భాషేమిటమ్మా?" అన్నారు.

"ప్రభువుని కాదండీ, డీకన్‌ని," అన్నాను.

గురువారం వచ్చేసింది. ఓడెట్ గారి కాగితంలో 'బిడ్డ పలికే మాటలు' అని పది గీతలున్నాయి, అన్నీ ఖాళీ. భోజనాల బల్ల దగ్గర దాన్ని ముందేసుకుని కూర్చున్నాను.

"రాసెయ్. ఎవడు చూడొచ్చాడు? అమ్మ, నాన్న, పాలు, కుక్క," అంది హెల్మీ, మాంసం కూరిన పాస్టీ కొరుకుతూ. "చివర్న 'ఆమెన్' కూడా రాయి. అబద్ధమని అనడానికి ఎవరికీ నోరు రాదు."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పెన్సిల్‌తో ఎనిమిది మాటలు రాశాను. 'ఆమెన్' మాత్రం రాయలేదు, అంత తెగింపు లేదు. కాగితం మడిచి కోటు జేబులో, పిడుదుల పట్టకారు పక్కన దోపాను.

శుక్రవారం ఓడెట్ గారు తెల్లటి బూట్లతో వచ్చారు. "పదండి, మీ నడకకి నేనూ వస్తాను," అన్నారు. దారంతా నేను కప్ప, కొంగ, తాబేలు అని ఒకటే వాగుడు. ఆర్వో ఒకటే మౌనం. చర్చి దగ్గరికొచ్చేసరికి ఆవిడ చెయ్యి చాపారు. "మాటల కాగితం నింపారా?"

నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. కాగితం వేళ్ళకి తగిలింది.

అప్పుడే పిట్ట అరిచింది. శంకుల మధ్య నుంచి లేచి, రెక్క ఈడ్చుకుంటూ కంకర మీద దొర్లింది.

"అయ్యయ్యో, రెక్క విరిగింది!" ఓడెట్ గారు మెడలో శాలువా తీసి, దాన్ని చుట్టి ఎత్తుకోవడానికి వంగి పరిగెత్తారు. పిట్ట రెండడుగులు జరిగింది, ఆవిడ మూడడుగులు వేశారు. "భయపడకు తల్లీ, భయపడకు..." కంకర దాటారు, గడ్డిలోకి దిగారు. సరిగ్గా పాస్టరుగారి కారు దిగబడిన చోటికి.

డీకన్ కదల్లేదు. జీవితంలో మొదటిసారి సక్రమంగా నిలబడ్డాడు. కాలెత్తి, తోక నిటారుగా పెట్టి, చూపు ఓడెట్ గారి వైపు.

అరవడానికి నోరు తెరిచాను. అలవాటైన మాటే నాలుక చివరికొచ్చింది. జిల్లా ఉద్యోగిని పట్టుకుని ఆ మాట ఎలా అంటాను? నోరు మూసేసుకున్నాను. ఇరవై మూడు రోజుల్లో ఆ కంకర మీద నేను నోరు మూసుకున్నది అదే మొదలు.

ఆ నిశ్శబ్దంలో నా చెవి వెనక నుంచి, తడి తడిగా, గట్టిగా:

"నాతకం!"

మెడ తిప్పి చూశాను.

"నాతకం! వెదవా!"

పిట్ట తుర్రుమని ఎగిరిపోయింది. ఓడెట్ గారు చీలమండల దాకా బురదలో నిలబడి వెనక్కి తిరిగారు. "ఎవరది?"

"నేను కాదండీ," అన్నాను. "ఒట్టు, నేను కాదు."

ఆవిడ ఆర్వోని చూశారు, ఎగిరిపోయిన పిట్టని చూశారు, తన బూట్లని చూశారు. "నన్నేనా?"

ఆర్వో వేలు చాపి, విడమరిచి మరీ చెప్పాడు. "వెదవా."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ ఒక బూటు బయటికి లాగారు, రెండోది బురదలోనే ఉండిపోయింది. నేను పట్టుకుని పీకి ఇస్తే ఒంటికాలి మీద నిలబడే పెన్ను తీశారు. "రోజూ ఇక్కడే ఇదే మాట చెప్పారా?"

"చెప్పడం కాదండీ, అరిచాను. కుక్కని. ఇరవై మూడు రోజులు."

"సరిగ్గా అదే చెయ్యమన్నాను కదా. తిట్టొక్కటి మీ సొంతం," అన్నారు. "పెద్దాసుపత్రి సంగతి తర్వాత చూద్దాం. చెవులు మాత్రం ఇక్కడే ఒకసారి చూపిద్దాం. ఇంకేమైనా మాటలున్నాయా, రాసుకోనా?"

జేబులో ఎనిమిదున్నాయి.

"లేవండీ," అన్నాను. "ఈ రెండే."

ఇంటికొచ్చాక కెమెరా చూస్తే, కంగారులో నా వేలు ఎప్పుడో మీట నొక్కేసినట్టుంది. పిట్ట ఎంత స్పష్టంగా వచ్చిందంటే, విప్పిన తోకలో నారింజరంగు ఈకలు కూడా లెక్కపెట్టొచ్చు. నూట పదమూడు ఫొటోల్లో డీకన్ పిర్ర లేనిది ఇదొక్కటే. వాడి చోట్లో ఓడెట్ గారిది ఉంది.

"మొదటి పేజీలో పెట్టు," అంది హెల్మీ.

ఓడెట్ గారికి ఫోన్ చేసి అడిగాను. పెట్టుకోమన్నారు. ఆర్వో రోజూ ఆ పేజీ తెరిచి, వేలు పెట్టి, రెండు మాటలూ పూర్తిగా చదువుతాడు.