తలుపు తియ్యని ఓవెన్

మార్కెట్ నుంచి వచ్చిన థెరిసాకి ముందుగా కనబడింది మొగుడి నవ్వు. ఆంథోనీ అలా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడంటే ఏదో కొంప ముంచాడనే అర్థం. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలీదా!

"రా, సూడు! ఒక్కడినే బిగించీసినాను" అంటూ, ఆమె చేతిలో కోడిగుడ్లున్నాయన్న ధ్యాసైనా లేకుండా, రెక్క పట్టుకుని మోటర్‌హోమ్‌లోకి లాక్కెళ్ళాడు.

అది ఒకప్పుడు స్కూలు బస్సు. లారీ డ్రైవరుగా రిటైరయ్యాక ఆంథోనీ దాన్ని కొన్నాడు. రెండేళ్ళు పట్టుబట్టి మంచాలూ, సింకూ, అల్మరాలూ అమర్చి తిరిగే ఇల్లు చేశాడు. క్లాంగ్ ఊళ్ళో చుట్టాలంతా మెచ్చుకున్నారు, థెరిసాతో సహా. పోయిన నెల అందులోని కన్వెక్షన్ మైక్రోవేవ్ ఓవెన్‌లో ఫ్యాను పట్టేసింది. ఏది పెట్టినా ఒక పక్క మాడుతుంది, ఒక పక్క పచ్చిగా ఉంటుంది. మార్చక తప్పదు. రేపే ఈ బండిలో చెల్లెలి ఊరు హుటాన్ మెలింటాంగ్ వెళ్ళాలి. ఆ చెల్లెలు నవోమికి అరవై నిండుతున్నాయి. అమ్మ చేసినలాంటి కేకే కావాలని ఆ పిల్ల పది రోజుల నుంచి ఫోన్లు చేసి ప్రాణం తీస్తోంది.

కొత్త ఓవెన్ అరలో బుద్ధిగా కూర్చుంది. "ఎనకాల నాలుగు వేళ్ళంత, పక్కల రెండేసి వేళ్ళంత గాలికి వదిలినాను. కుదుపుకి కదలకుండా కింద పట్టీ ఏసినాను" అని వేళ్ళు పెట్టి మరీ కొలిచి చూపించాడు ఆంథోనీ.

"బాగుంది" అంది థెరిసా, గుడ్లు సింకు పక్కన పెడుతూ. నిజంగానే బాగుంది. "మరి పాతదేది?"

"ఇందాకే పాతసామాన్ల లారీ వచ్చినాది. ఇచ్చీసినాను."

"లోపలున్నది తీసినావా?"

"లోపలేటుంది?"

గుడ్లు అప్పటికే కింద పెట్టింది గనక బతికాయి.

బస్సులో జాగా ఎక్కడేడిసింది? వాడనప్పుడు ఆ ఓవెనే ఆమెకి అల్మరా. అందులో అమ్మ కేకు డబ్బా ఉంది. బండి కుదుపుకి చప్పుడు చెయ్యకుండా పసుపు తువ్వాలులో చుట్టి పెట్టుకుంది. నలుచదరపు రేకు డబ్బా. అమ్మ ఎస్టేట్ దొర బంగళాలో వంట చేసేది. దొరలు దేశం వదిలి పోతున్నప్పుడు దొరసాని ఆ డబ్బా అమ్మ చేతిలో పెట్టిందట. వారమంతా వాళ్ళకి వండిన చేతులతో, ఆదివారం తన పిల్లలకి అందులోనే కేకు చేసేది అమ్మ. ఆవిడది ఒక్క ఫొటో కూడా లేదు. అమ్మావాళ్ళుండిన కూలీల లైను ఇళ్ళు ఎప్పుడో కూలగొట్టేశారు. మిగిలింది ఆ డబ్బా ఒక్కటే.

"ఆగమన్నాను కదా! నేనొచ్చీదాకా ఆగమని గుమ్మంలో నిలబడి సెప్పినాను కదా!"

"లారీ ఆగుతాదేటి? డబ్బాయే కదా, కొత్తది కొనుక్కోవచ్చు లా" అన్నాడు ఆంథోనీ, ఆ ఊరి అలవాటుగా చివర ఒక 'లా' తగిలించి.

అరికాలి మంట నెత్తికెక్కింది థెరిసాకి.

"కొంటావా? మా అమ్మని కొనీసి తెస్తావా? ఏ కొట్లో అమ్ముతన్నారయ్యా? ఒక్కసారి తలుపు తీసి సూస్తే నీ చెయ్యి పడిపోతాదా?"

పక్కింటి విజయలెచ్చుమి బట్టలారేస్తున్నదల్లా ఆగి ఇటే చూస్తోంది. చూస్తే చూడనీ.

"బండి తియ్యి. ఆ పాతసామాన్ల కొట్టుకి పోదాం" అంది థెరిసా.

దారిలో ఆంథోనీ రెండుసార్లు "దొరుకుతాదిలే" అన్నాడు. రెండోసారి "నోర్మూసుకుని తోలు" అనిపించుకున్నాడు. ఓవెన్ చుట్టూ అంగుళం అంగుళం కొలిచిన మనిషి! లోపల పెళ్ళాం ఏం పెట్టుకుందో ఒక్కనాడైనా చూశాడా? తినడానికి మాత్రం ముందుంటాడు. క్రిస్మస్‌కి కేకు మీద కత్తి పెట్టకముందే చెయ్యి చాచి "మూల ముక్క నాకే" అంటాడు. రెండు పక్కలా కరకరలాడుతుందట. చిన్నప్పుడు పిల్లలు ఏడ్చినా వదిలేవాడు కాదు.

పాతసామాన్ల కొట్టు యజమాని తినగరన్ మంచివాడే. పొద్దున్న వచ్చిన ఓవెన్లన్నీ అప్పుడే విప్పేశామనీ, లోపలి రేకు సామాను అదిగో ఆ గుట్టలో ఉందనీ, కాసేపట్లో అదంతా అణిచే మిషన్లో పడుతుందనీ తమిళంలో చెప్పాడు. "డబ్బా ఎలా ఉంటుంది?" అని అడిగాడు.

ఎక్కడికెళ్ళినా పెళ్ళాం కన్నా ముందు జవాబు చెప్పడం ఆంథోనీకి అలవాటు.

"రౌండ్" అన్నాడు. "రౌండ్ డబ్బా లా. ఇంత ఉంటాది" అని రెండు చేతులతో గాలిలో సున్నా చుట్టి చూపించాడు. ఎంత ధీమా!

థెరిసా ఆ సున్నా వైపు చూసింది. తినగరన్ గుట్టలోంచి గుండ్రటి పళ్ళేలూ మూతలూ ఏరి తెచ్చి ముందు పెడుతున్నాడు, ఆంథోనీ ఒక్కొక్కటీ ఎత్తి "ఇదా? ఇదా?" అంటున్నాడు. ఆమె ఆ మనిషిని దాటుకుని నేరుగా గుట్ట దగ్గరికెళ్ళింది. చీర చెంగు బొడ్లో దోపి చేతులు పెట్టి కెలికింది. వేలు తెగింది. అడుగున ఎక్కడో పసుపు గుడ్డ కనబడింది.

విప్పి చూసుకుంది. నాలుగు మూలలూ ఉన్నాయి.

"ఓ, ఇదా!" అన్నాడు ఆంథోనీ. "దొరికీసినాది కదా, ఇంకా మొగం అలాగేటి?"

థెరిసా డబ్బాని మళ్ళీ తువ్వాలులో చుట్టి బండెక్కింది. ఇంటికెళ్ళేదాకా పలకలేదు, ఆ రోజంతా పలకలేదు. అరుపులైతే భరించగలడు గానీ ఈ మౌనంతో ఆంథోనీకి అన్నం సయించలేదు.

మర్నాడు నవోమి ఇంటి ముందు బస్సు ఆపి, కొత్త ఓవెన్‌లో కేకు పెట్టింది. అన్ని పక్కలా సమానంగా పొంగి, చక్కగా ఎర్రబడింది. అందులో వంక పెట్టడానికి లేదు. వాసన తగలగానే నవోమి లోపలికొచ్చి, డబ్బా తడిమి, "అమ్మ వాసనే అక్కా" అని కళ్ళు తుడుచుకుంది.

అందరూ బల్ల చుట్టూ చేరారు. థెరిసా కత్తి తీసింది. ఎప్పట్లాగే ఆంథోనీ చెయ్యి చాచాడు.

"మూల ముక్క నాకే."

కత్తి ఆగింది. నిన్నటి నుంచి మొదటిసారి థెరిసా మొగుడి మొహంలోకి చూసింది.

"రౌండ్ కేకుకి మూలలేటయ్యా?"

చాచిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. థెరిసా నాలుగు మూలలూ కోసి, నాలుగూ నవోమి పళ్ళెంలో పెట్టింది.