వెనక్కిచ్చిన పండు

నిరంజన్ మాథుర్ గూడూరుకు సబ్ కలెక్టరుగా వచ్చిన ఏడాది నాకు యాభై రెండేళ్ళు. అక్కడి హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. ఆయనకు ఇరవై ఆరు. పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలో. ఆరు నెలల్లో తెలుగు పరీక్ష ప్యాసు కావాలి గనక, రోజూ పొద్దున ఏడు గంటలకు బంగళాకు వచ్చి పాఠం చెప్పమని కబురు చేశారు.

మా అబ్బాయి హెబ్రోను ఉంటే వాడికీ ఇరవై ఆరే. మద్రాసులో చదువుకుంటూ టైఫాయిడ్‌తో పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ సంగతి నేను మాథుర్‌గారికి ఎప్పుడూ చెప్పలేదు.

ఊళ్ళో ఆయనకు ఎవరూ లేరు. వీధిలో నడిస్తే అరుగుల మీది వాళ్ళు లేచి నిలబడేవారు. ఆయన మలుపు తిరిగేదాకా కూర్చునేవారు కాదు. అందుకని వీధిలో నడవడం మానేశారు. మన కారం తినలేక చాలా రోజులు పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. సాయంత్రాలు మాత్రం స్టేషనుకు వెళ్ళి, ఢిల్లీ వైపు పోయే బండి ఆగినంతసేపూ ప్లాట్‌ఫారం మీద నిలబడి వచ్చేవారు.

"ఎవురన్నా వస్తారా దొరా అంటే, ఎవురూ రారంటాడు సార్," అని బంట్రోతు ఓబయ్య నాతో అన్నాడు. "ఆ పెట్టెల్లో హిందీ మాట్లాడుకుంటా ఉంటారు గదా, అది వినేదానికి పోతాడంట."

వచ్చిన కొత్తలో, రిటైరు కాబోతున్న తహసీల్దారుగారిని "నువ్వు కూర్చో" అన్నారట. గుమాస్తాలు రికార్డు గదిలోకి పోయి నవ్వుకున్నారు. ఆ నవ్వు ఈయన విన్నారు. మర్నాడు పాఠం ముందు పుస్తకం తెరవకుండా, "మాస్టర్జీ, నేను నోరు తెరిస్తే నవ్వుతారు. మూసుకుంటే పొగరంటారు. ఏం చెయ్యమంటారు?" అని ఇంగ్లీషులో అడిగారు. నేనే పుస్తకం తెరిచాను. పాఠం మొదలుపెట్టాను.

దసరా సెలవులకు ముందు ఆయన ఒక వాక్యం కావాలన్నారు. క్యాంపుకు పోయిన చోటల్లా ఎవరో ఒకరు జీపులో నెయ్యి డబ్బానో చేపల బుట్టో పెట్టేస్తున్నారు. ఆయన తండ్రి రైల్వేలో చిన్న గుమాస్తా. పరాయివాళ్ళది గుండుసూది కూడా ముట్టవద్దని చెప్పి కొడుకును ఉద్యోగానికి పంపారు. ఎదుటివాళ్ళ మనసు నొప్పించకుండా వద్దని చెప్పడం ఎలా?

నేను రాసిచ్చాను. "మీ అభిమానానికి చాలా సంతోషమమ్మా. కాని నేనేమీ తీసుకోకూడదు. దయచేసి దీన్ని మీరే ఉంచుకోండి." మగవాళ్ళయితే అమ్మా బదులు అయ్యా. "ఉంచుకోండి" దగ్గర ఆయన నాలుక తడబడేది. నాలుగు రోజులు పలికించాను.

సెలవుల్లో వచ్చిన సోమవారం అర్జీల దినం. తోడుగా ఉండమంటే కచేరీకి వెళ్ళాను. ఆయన వెనక, బీరువా పక్కన నాకు కుర్చీ వేశారు.

మా వైపు అధికారిని చూడబోయేవాళ్ళు వట్టి చేతులతో పోరు. ఒక నిమ్మపండు తీసుకుపోయి ముందు పెడతారు. అది కానుక కాదు. నమస్కారం లాంటిది. అధికారి దాన్ని అందుకుంటే, చెప్పుకో, వింటాను అని అర్థం. వెనక్కిస్తే, నీ మాట వినేది లేదని. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు. అంతకుముందు అర్జీల దినాల్లో హెడ్ గుమాస్తాయే తలుపు దగ్గర పండ్లు అందుకుని పళ్ళెంలో పెట్టేవాడు. ఆ రోజు అతను రాలేదు. నేను నెయ్యి డబ్బాలకు వాక్యం నేర్పాను గాని పండు సంగతి చెప్పలేదు. అది చెప్పవలసిన సంగతని నాకు తోచలేదు.

ఓబయ్య మొదటి పేరు పిలిచాడు. "మనుబోలు దూదేకుల జైతూన్‌బీ!"

యాభై ఏళ్ళ మనిషి. ముసుగు నుదుటిదాకా లాక్కుని, తల ఎత్తకుండా వచ్చి పండు బల్ల మీద పెట్టింది. రెండో చేతిలో మడిచిన కాగితం ఉంది.

మాథుర్‌గారు లేచి నిలబడ్డారు. పండు రెండు చేతులతో తీసి ఆమె చేతిలో పెట్టి ఆ మూడు వాక్యాలూ చెప్పారు. ఒక్క అక్షరం జారలేదు. "ఉంచుకోండి" అన్న మాట పుట్టుకతో తెలుగు వచ్చినవాడు పలికినట్టు పలికింది. గుమాస్తాల కలాలు ఆగాయి.

ఆమె కాగితాన్నీ పండునూ కొంగులో కట్టుకుంది. "మంచిది దొరా," అని వెనక్కి తిరిగింది.

ఆయన తల తిప్పి నన్ను చూశారు. పాఠం అప్పజెప్పి అయ్యవారి ముఖం చూసే పిల్లవాడి చూపు. నేను తల ఊపాను. నవ్వాను కూడా. రెండేళ్ళలో నేను నవ్వడం అదే మొదలు.

ఆమె అప్పటికి ఇంకా గుమ్మం దాటలేదు. ఓబయ్య తెర ఎత్తి పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. పిలిచి ఉంటే ఆమెకు వినపడేది.

పన్నెండో రోజున ఓబయ్య బడికి వచ్చాడు. ముసురు పట్టి ఉంది. గొడుగు మూసి వరండాలో నిలబడ్డాడు.

"సార్, ఆ మనుబోలామె ఇల్లు నిన్న తీసేసినారు. రోడ్డు వెడల్పు చేసేదానికి."

"ఆమె అర్జీలో ఏముంది?"

"ఇల్లు తియ్యొద్దని ఆమె అడగలా. కూతురు పచ్చి బాలింత. నలభై దినాలు నిండేదాకా ఆపమంది, అంతే. నేనే రాయించినాను."

"మరి నువ్వు దొరగారికి చెప్పొద్దూ?"

"నేను బంట్రోతును సార్. మీరు నవ్వినారు గదా. అంతా మాట్లాడుకొనే చేసినారనుకొన్నా."

ఆ మధ్యాహ్నం బంగళాకు వెళ్ళి మాథుర్‌గారికి మొత్తం చెప్పాను. ఆయన అంతా విన్నారు. తరవాత తెలుగులో, నేను నేర్పిన తెలుగులో, అడిగారు.

"ఆ రోజే మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

ఆమె నడిచి వెళ్తున్నంతసేపూ నేను ఆయన పలికిన "ఉంచుకోండి" అన్న మాటనే వింటున్నానని చెప్పాలి. హెబ్రోనుకు చిన్నప్పుడు పద్యం వచ్చిన రోజున ఇంట్లో ఎలా ఉండేదో అలా ఉందని, దాన్ని చెడగొట్టడానికి మనసొప్పలేదని చెప్పాలి.

"కచేరీలో నలుగురి ముందు మాట్లాడడం నాకు తగదనుకున్నాను," అన్నాను.

ఆయన నమ్మారు. "అడగకపోవడం నా తప్పు మాస్టర్జీ," అని జీపు తెమ్మన్నారు.

మనుబోలులో రోడ్డు పక్కన ఎద్దులు లేని బండి కింద చాపలు కట్టుకుని ఉన్నారు. దూదేకే విల్లు చక్రానికి ఆనించి ఉంది. లోపల కూతురు సర్దార్‌బీ పసిబిడ్డను దూదిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. బిడ్డ దగ్గుతోంది.

మాథుర్‌గారు బురదలోనే గొంతుకూర్చున్నారు. నేర్చుకున్న వాక్యాలేవీ ఆయనకు రాలేదు. "అమ్మా, నాకు తెలియలేదు. పండు... నాకు తెలియలేదు. తప్పు నేను చేసింది," అన్నారు.

జైతూన్‌బీ కంగారుపడింది. "అయ్యయ్యో, లెయ్ దొరా, గుడ్డలకంతా బురదంటద్ది." తరవాత కూతురి వైపు తిరిగి, గొంతు తగ్గించకుండానే, "మీ సిలారన్న మాదిరే ఉండాడు గదే. మీసం గూడా నిండా రాలా. ఈణ్ణెట్టా దొరను జేసినారో," అంది. సర్దార్‌బీ తల్లి చెయ్యి గిల్లింది.

ఆ సాయంత్రమే ఊరి చావిడిలో ఒక గది ఇప్పించారు. డాక్టరు కోసం జీపు పంపారు. తరవాత రోడ్డుకు వెనక ఇంటిస్థలం కూడా రాసిచ్చారు. బిడ్డకు దగ్గు పోవడానికి రెండు నెలలు పట్టింది. బతికింది. అందులో నేను చేసిందేమీ లేదు.

చావిడికి సామాను చేరవేసేటప్పుడు విల్లు నేను పట్టుకున్నాను. జైతూన్‌బీ మూట నెత్తిన పెట్టుకుని నా పక్కన నడిచింది. కచేరీలో ఆమె తల ఎత్తలేదు గనక నన్ను ఎరగదు. దొరతో వచ్చిన అయ్యవారినని మాత్రం తెలుసు. మాథుర్‌గారు ముందు నడుస్తున్నారు. పాంటు మోకాళ్ళదాకా తడిసిపోయింది.

"పాపం, ఆయన పరాయి దేశపోడు. ఆయనకేం తెలుసు అయ్యోరా," అంది. "పక్కన ఎవురన్నా ఒక మాట చెప్పుంటే సరిపోయుండేది. అంత పెద్ద కచేరీలో చెప్పేవోడు ఒక్కడు గూడా లేడా?"

మాథుర్‌గారు ఆగి, వెనక్కి తిరిగి, మేము వచ్చేదాకా నిలబడ్డారు. ఆయనకు మా మాటలు వినపడుతున్నాయి.

"లేడమ్మా," అన్నాను.