ముగ్గురికి సరుకులు

“ముగ్గురికి” అన్న కేక వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినిపించింది. ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టి వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. గోదాం తాత, ఆయన కొడుకు బస్సు డ్రైవరు, కోడలు, పదో తరగతి మనవరాలు. నలుగురు. ఇదేమిటి అనుకునేలోపే మళ్ళీ వినిపించింది. “బియ్యం, ముగ్గురికి. పప్పు, ముగ్గురికి. నూనె, ముగ్గురికి.”

అరుస్తున్నది గోదాం తాత వంటింట్లో అలమర. మామూలు చెక్క అలమరే, రెండు తలుపులు, కింది అర కాస్త వంకర. సరుకేదైనా నిండుకుంటే ఆ నిమిషానే పేరు పెట్టి అరుస్తుంది. నెలాఖరు రోజు పొద్దున్న మాత్రం, వచ్చే నెలకి ఏం కావాలో, ఎందరికి కావాలో వరసపెట్టి చెప్తుంది. తాత కుర్చీ లాక్కుని, పెన్సిలు చెవి మీంచి తీసి రాసుకుంటాడు. కొందరిళ్ళల్లో తలుపులు కిర్రుమంటాయి, ఈ ఇంట్లో అలమర అరుస్తుంది, అంతే. మరీ మధ్యాహ్నం పూట అరిస్తే పక్కింటావిడ కిటికీ వేసుకునేది, పసివాడు లేస్తాడని.

అది ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. మనవరాలు పుట్టిన నెలలో, ఇంకా నొప్పులు రాకముందే పాలపొడి రాయించింది. పదకొండేళ్ళ కిందట ఒక నెల ఐదుగురికి బదులు నలుగురికంది. ఆ నెల రెండో తారీఖున తాత భార్య పోయింది. “అంత గొడవలోనూ ఆ నెల సరుకు ఒక్క గింజ ఎక్కువ కాలేదు, ఒక్క గింజ తక్కువ కాలేదు” అని తాత ఇప్పటికీ మెచ్చుకుంటాడు.

ఆయన ముప్పై నాలుగేళ్ళు మిల్లులో గోదాం చూశాడు. రిటైరయ్యాక గోదాం లేకపోతే తోచక, ఇంటినే గోదాం చేసుకున్నాడు. సరుకులు నెలకొక్కసారి, మొదటి ఆదివారం. మధ్యలో ఏదైనా అయిపోతే అది లేకుండానే తినాలి. “రోజూ కొట్టుకి పరిగెత్తేది ఇల్లు కాదు, బస్టాండు” అనేవాడు.

కోడలు పుట్టింట్లో ఏ రోజుకారోజు కొనుక్కునేవాళ్ళు. సాయంత్రం అయ్యేసరికి వాళ్ళ నాన్న సంచి దులుపుతూ “ఇవాళ ఏం తిందాం?” అని అందర్నీ అడిగేవాడు. ఈ ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రాదు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఇరవై ఐదో తారీఖుకల్లా ఏదో ఒకటి నిండుకునేది, అలమర అరిచేది, వీధి వీధంతా వినేది. తాత అరుగు మీదకి వచ్చి, నలుగురూ ఉండగా చూసి మరీ అడిగేవాడు.

“ఏమ్మా, అప్పుడే చక్కెర నిండుకుందా? మా గోదాంలో అయితే ఈపాటికి నిన్ను ఇంటికి పంపేసేవాళ్ళు.”

ఆవిడ ఏళ్ళ తరబడి తల వంచుకుని విన్నది. ఆఖరికి రెండేళ్ళ కిందట ఒక ఉపాయం కనిపెట్టింది. ప్రతి డబ్బా అడుగునా ఒక గుప్పెడు ఉండనిస్తే అలమర అరవదు. ఆ గుప్పెడు ఎవరి కంచంలోంచి తియ్యాలి? మొగుడు తెల్లారకుండానే డ్యూటీకి పోయేవాడు, మామగారు పెద్దాయన, పిల్ల ఎదిగే పిల్ల. ఇక మిగిలింది ఎవరో చెప్పక్కర్లేదు. ఆవిడ ఎలాగూ అందరికీ పెట్టాక వంటింట్లో ఒక్కతే కూర్చుని తినేది. ఆ కంచంలో ఏముందో తొంగి చూసినవాడు లేడు.

ఈ రెండేళ్ళూ అలమర నెల మధ్యలో కిక్కురుమనలేదు. తాత పేరు వీధిలో మోగిపోయింది. సరుకులు వారానికోసారి కొనాలా, నెలకోసారి కొనాలా అని సలహా అడగటానికి జనం వచ్చేవాళ్ళు. తాత కాలు మీద కాలేసుకుని గంటసేపు చెప్పేవాడు. మంచినీళ్ళు మాత్రం కోడలు తెచ్చిచ్చేది.

అలాంటి అలమర ఇవాళ ముగ్గురికంది. తాత పెన్సిలు ఆగిపోయింది.

“నాకే” అన్నాడు. “డెబ్బై ఆరు దాటాయి. ఇంకెవరికి?”

“ఊరుకో నాన్నా” అన్నాడు డ్రైవరు, అంత గట్టిగా ఏమీ కాదు.

“అయితే తాతయ్యా, నీ గది నాకిస్తావా?” అంది మనవరాలు. డ్రైవరు ఉరిమి చూశాడు. “ఇప్పుడే కాదులే” అని సర్దుకుంది.

కోడలు బియ్యం కడుగుతోంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు.

ఆదివారానికి ఐదు రోజులుంది. ఆ ఐదు రోజులూ తాత మంచివాడైపోయాడు. తన గొడుగు ఇస్త్రీ అతనికి ఇచ్చేశాడు. పక్కింటావిడని పిలిచి, కిటికీ సంగతి క్షమించమన్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళ చేతులు పట్టుకుని మాట్లాడాడు. ప్రతి పూటా కంచం ముందుకి జరిపి “ఇంకొంచెం పెట్టమ్మా, ఎన్నాళ్ళు తింటాను గనక” అన్నాడు. కోడలు పెట్టింది. అది ఆవిడ వంతులోదే.

ఆదివారం పొద్దున్న చీటీ పట్టుకుని తాత, సంచులు పట్టుకుని కోడలు కొట్టుకి వెళ్ళారు. కొట్టు నడిపే ఆవిడని అందరూ కొట్టక్క అంటారు. చీటీ చూసి “విన్నాంలే తాతా” అంది. తాతని ఎగాదిగా చూసింది. ఐదు రోజులు కడుపునిండా తిన్న మనిషి, బుగ్గలు మెరుస్తున్నాయి. కోడలు బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడింది. మణికట్టు మీదుండాల్సిన వాచీ మోచేతి దాకా జారి ఉంది.

“నువ్విలా ఎక్కమ్మా” అంది కొట్టక్క, బస్తాలు తూచే కాటా చూపించి.

“నేనెందుకక్కా?”

“బస్తాలే ఎక్కుతున్నాయి, నీకేం నామోషీ? ఎక్కు.”

ఎక్కింది. ముల్లు కదిలి ముప్పై ఆరు దగ్గర ఆగింది.

“మూడేళ్ళ కిందట నవ్వుతూ ఎక్కావు దీని మీద. యాభై రెండున్నావు.” కొట్టక్క తాత వైపు తిరిగింది. “తాతా, అలమర తీసేసింది నిన్ను కాదు.”

తాత వంగి చూశాడు. ముప్పై నాలుగేళ్ళు అలాంటి ముల్లే చూసిన మనిషి. రెండేళ్ళుగా ఇంట్లో సరుకు ఎందుకు తరగలేదో, ఆ తరుగు ఎక్కడ పడిందో అర్థమవటానికి ఆయనకి అరక్షణం పట్టలేదు. కానీ దానికంటే ముందు ఇంకొకటి జరిగింది. ఆయన భుజాలు దిగాయి. ఐదు రోజులుగా బిగబట్టిన ఊపిరి హాయిగా బయటికొచ్చింది.

“ఆ గొడుగు మళ్ళీ అడిగి తెచ్చుకోవాలి” అన్నాడు, తనలో తను.

కోడలు కాటా మీంచి ఆ మొహం చూసింది. ఆ మాటా విన్నది. నెమ్మదిగా దిగింది.

“అక్కా, ఆ చీటీ చింపెయ్యి. నలుగురికి కట్టు. ఈ పూటకి చాలు.”

“పూటకేమిటమ్మా?” అన్నాడు తాత.

“నెలకి కొంటే అది నెల మాట చెప్తుంది మామయ్యగారూ. ఈ నెలాఖరుకి నేనుంటానో లేదో చెప్పేసింది కూడా. పూటకి కొంటే పూట మాటే చెప్తుంది. ఈ పూట నేనున్నాను. సాయంత్రం మళ్ళీ వస్తాను, రేపు మళ్ళీ వస్తాను.”

“రోజూనా?”

“రోజూ. నాకు ఓపిక లేని రోజు మీరు వద్దురుగాని.”

కొట్టక్క చీటీ చింపి, పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చి ఆవిడ డబ్బాలన్నీ దించింది. అడుగున దాచిన గుప్పెళ్ళు ఒక్కొక్కటే గిన్నెల్లోకి వంచి, డబ్బా వెనక తట్టి మరీ దులిపింది. అలమర అందుకుంది. “బియ్యం నిండుకున్నాయి. పప్పు నిండుకుంది. చక్కెర నిండుకుంది.” రెండేళ్ళ అరుపులు ఒక్కసారే అరిచినట్టు అరిచింది. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. తాత అరుగు మీద కూర్చుని, ఎవరి మొహమూ చూడలేక తన చెప్పులు చూసుకున్నాడు. కొట్టులో తెచ్చిందీ, డబ్బాల్లోదీ కలిపి ఆవిడ ఎసట్లో పోసింది.

మధ్యాహ్నం నాలుగు కంచాలు పక్కపక్కన పెట్టింది. నాలుగింట్లోనూ సమానంగా వడ్డించింది. వడ్డించి, తనూ కూర్చుంది. డ్రైవరు నాలుగో కంచం చూశాడు, తర్వాత పెళ్ళాం మొహం చూశాడు.

“ఎప్పుడు ఇంత చిక్కిపోయావే?”

“రెండేళ్ళు పట్టింది” అందావిడ, ముద్ద కలుపుకుంటూ.

తాత అందరికంటే ఆఖర్న వచ్చి కూర్చున్నాడు. రెండో ముద్ద తాతకి గొంతులో అడ్డం పడింది.

“అమ్మాయ్, నీళ్ళు” అన్నాడు.

కోడలు తలెత్తలేదు. మనవరాలు లేవబోయింది. తల్లి ఎడం చెయ్యి పిల్ల మోకాలి మీద వేసి కూర్చోబెట్టింది. తాత ఆ ముద్ద అలాగే మింగి, ఇంకో ముద్ద కలుపుకున్నాడు. నలుగురూ తింటున్నారు.