ఏ ఐదో బాయి?

సారవ్వ వాళ్లక్క చనిపోయిందని చెప్పింది కంప్యూటరు. ఆ మాట మోసుకెళ్లి సారవ్వ చెవిన వేసింది మాత్రం సంధ్యారాణి. తర్వాత ఎన్ని లెంపలు వేసుకుందో లెక్కలేదు. నోరు జారాక లెంపలేసుకుంటే ఏం లాభం, చెప్పండి?

సంధ్యారాణి బొగ్గుగనిని బాయి అనే గోదావరిఖనిలో, ఎనిమిదో బాయి కాలనీలో ఇంట్లో కూర్చునే ఒక హైదరాబాదు సంస్థకు పని చేస్తుంది. బొగ్గు ప్రాంతపు పాత రిజిస్టర్లను, అంటే బడి చేరికలు, దవాఖాన చీటీలు, చావుపుట్టుకల లెక్కలు, అన్నిటినీ ఆ సంస్థ కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. ఎక్కించి ఊరుకోదు. ఈ మనిషి ఫలానా చోట ఉండేవాడు, ఆ చోటు ఫలానా దిక్కున ఉంది అంటూ మనుషులనూ చోట్లనూ ముడివేస్తూ పోతుంది. ఆ ముడులన్నీ కలిస్తే నాలెడ్జ్ గ్రాఫ్ అట. ముడి వేసేది మిషను. అది సరైందో కాదో చూసేది సంధ్యారాణి. రోజుకు నాలుగు వందల ముడులు చూడాలి. అన్నేసి చూసేవాళ్లు ఎంత బాగా చూస్తారో మీరే ఊహించుకోండి.

పక్క క్వార్టరులో సారవ్వ ఉంటుంది. ఆమె అక్క పూలమ్మ నలభై ఏళ్ల కిందట సదయ్య అనే అతన్ని ఇష్టపడి చేసుకుంటే తండ్రి మళ్లీ గడప తొక్కనివ్వలేదు. 'బొగ్గుబాయిల కొలువు దొరికింది, ఐదో బాయి కాడ ఉంటున్నం' అని ఒక్కసారి కబురొచ్చింది. అంతే. తర్వాత సారవ్వ పెళ్లయి గోదావరిఖనికే వచ్చింది. ఇక్కడి ఐదో బాయి ఎంతో దూరం లేదు. సంబరంగా పరుగెత్తింది, గల్లీ గల్లీ అడిగింది. పూలమ్మ, సదయ్య అనే జంట ఎవరికీ తెలియదు. నాయన మీది కోపం అక్క తన మీద కూడా పెట్టుకుందనీ, కావాలనే ఎవరితోనూ చెప్పనివ్వడం లేదనీ అనుకుంది. అనుకుని ఇన్నేళ్లూ లోలోపలే కుమిలింది.

"నీ డబ్బాల అందరి పేర్లు ఉంటయంటవు గదనే. మా అక్కను దొరకబట్టు బిడ్డా" అని మొన్న ఆమె అడిగింది. సంధ్యారాణి వెతికింది. పూలమ్మ, భర్త సదయ్య, కొడుకు రఘుపతి, నివాసం ఐదో గని. కింద ఇంకో ముడి, మరణం 1996. తొంభై నాలుగు శాతం ఖాయం అంది మిషను.

సారవ్వ ఏడవలేదు. తలస్నానం చేసి గోడకు చేరగిలబడింది. "నేనే ఇంకోపాలి అడగకపోతి" అని మాత్రం అంది. మూడో రోజు పొద్దున్నే పొయ్యి ముట్టించింది. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి కాకులకు పెడతారు కదా, పిట్టకు పెట్టడం అంటారు, అందుకు. అక్కకు ఏం ఇష్టమో సరిగ్గా గుర్తురాక పొయ్యి ముందే కూలబడింది. కిటికీలోంచి సంధ్యారాణి అది చూసింది. వెళ్లి ఆ ముడి మళ్లీ తెరిచి, దాని వెనకున్న కాగితాలు ఒక్కొక్కటీ చదివింది. ఈ పని మొదటే చేయాల్సింది.

చావు చీటీలో పూలమ్మ, ఐదో గని అని తప్ప భర్త పేరే లేదు. రఘుపతి దవాఖాన చీటీలో ఆగస్టు నెల, పాముకాటు, మంచిర్యాల దవాఖానకు పంపడమైనది అని ఉంది. పక్కనే చాయ్ తాగుతున్న సంధ్యారాణి తండ్రి నర్సింగం, బాయిలో ముప్ఫై ఏళ్లు చేసి కొలువు దిగిపోయినవాడు, ఆ చీటీ ఆమె పైకి చదివితే విని పకపకా నవ్వాడు.

"ఈడ మన ఏరియా దవాఖాన పెట్టుకొని, పాము కరిసిన పోరన్ని నిండు గోదారి దాటిచ్చి మంచిర్యాలకు ఎవడు తీస్కపోతడే?"

"ఐదో గని అనే రాసి ఉంది బాపూ."

"ఏ ఐదు?"

సంధ్యారాణి చీటీని మళ్లీ చదివింది. అందులో ఊరిపేరు లేదు.

"గోదారి అవతల, మంచిర్యాల పక్కన శ్రీరాంపూర్ దిక్కు గూడ ఐదుంది. ఏ ఏరియాకు ఆ ఏరియా లెక్క. మన దగ్గర ఐదంటే మన ఐదే, వాళ్ల దగ్గర ఐదంటే వాళ్ల ఐదే. ఎవలి బాయి వాళ్లకు ఒక్కటే ఉంటది, ముంగట ఊరిపేరు ఎవడు పెడ్తడు?"

ఆమె వెంటనే హైదరాబాదు సంస్థలో తన పని చూసే రుత్విక్‌కు ఫోన్ చేసింది. ఐదో గని ముడులన్నీ విప్పి మళ్లీ చూస్తానంది.

"సాయంత్రం అన్నీ ఖాయం చేసి లాక్ చేయాలమ్మా. తొంభై నాలుగు శాతం వచ్చింది కదా!"

"మిగిలిన ఆరులో మా పక్కింటి అవ్వ వాళ్లక్క ఉంది సార్."

"సరే, రెండ్రోజులు తీసుకో" అన్నాడు. మంచివాడే పాపం.

ఆ పూటే, పూలమ్మ కుటుంబం కాగితాలతో మొదలుపెట్టి, ఐదో గనిని రెండు చేసింది. ఏ దవాఖాన, ఏ బడి అని చూసి ఒక్కో కాగితాన్ని గోదారికి అటో ఇటో పంపింది. రఘుపతి చీటీలు అటు పోయాయి. చావు చీటీ ఇటే మిగిలింది, అది ఇంకో పూలమ్మది. అవతలి పూలమ్మ చనిపోయినట్టు ఎక్కడా లేదు.

ఈసారి నోరు అదుపులో పెట్టుకుంది. "గోదారి అవతల గూడ ఐదో బాయి ఉన్నదట, మీ అక్క ఆడ ఉందో లేదో తెల్వదవ్వా. సచ్చిపోయిందని మాత్రం ఎవ్వలూ రాయలే. నేనే తప్పు చెప్పిన."

సారవ్వ తిట్టలేదు. పొయ్యిలో నీళ్లు కుమ్మరించి చీర కొంగు దోపింది. "నడువు."

బస్సు గోదావరి వంతెన దాటుతున్నంతసేపూ సంధ్యారాణి చెయ్యి సారవ్వ వదల్లేదు. అవతలి ఐదో బాయి దగ్గర చాయ్ హోటల్లో అడిగితే, "పాము కరిసిన రఘుపతేనా?" అని ఇల్లు చూపించారు.

గడపలో కళ్లద్దాలు పెట్టుకుని బియ్యం ఏరుతున్న ముసలమ్మ తలెత్తింది. చేతిలోని చేట జారిపోయింది.

"వచ్చినవా? ఇప్పుడు పోయిందా నీ కోపం?" అంది పూలమ్మ.

"నాకేం కోపమే! ఐదో బాయిల ఇంటింటికి తిరిగిన నీకోసం!"

"నేను తిరగలేదా? నీ పెనిమిటి ఎనిమిదిల చేస్తడని తెల్సి, ఎనిమిదో బాయి కాడ ఏండ్లకేండ్లు అడిగిన. నా పేరు జెప్తె తలుపు తియ్యొద్దన్నవేమో అనుకున్న."

"ఏ ఎనిమిది పెద్దవ్వా?" అంది సంధ్యారాణి, తెలిసి కూడా.

పూలమ్మ చెయ్యెత్తి ఇళ్ల వెనక్కు చూపించింది. "అగో, ఆ ఎనిమిది. ఇంకేడుంటది?"

సారవ్వ అక్క మెడ చుట్టూ చేతులు వేసి, మూడు రోజులుగా రాని ఏడుపంతా ఏడ్చింది.