ఎడమవైపు లోపలి జేబు

పెళ్ళైన పదకొండో రోజున మా అత్తగారు నన్ను వంటగదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, నా చేతిలో ఒక బత్తాయి పండూ, లావుపాటి పెన్ను లాంటి ఒక గొట్టమూ పెట్టారు. ఏ గొలుసో ఇస్తారనుకుని చెయ్యి చాచానేమో, లోపల్లోపలే సిగ్గుపడ్డాను.

"పొడువు," అన్నారు ఆవిడ.

పొడిచాను. టిక్కుమంది. పది అంకెలు లెక్కపెట్టేదాకా తియ్యకూడదన్నారు. నేను ఏడుకే తీసేశాను. అది గడువు తీరిపోయిన ఇంజెక్షను కాబట్టి నష్టమేమీ లేదు. కానీ అత్తగారు నా మొహంకేసి చూసిన చూపు ఇంకా నాకు గుర్తే.

మా ఆయనకి తేనెటీగ కుడితే పడదు. దద్దుర్లు వచ్చి తగ్గిపోయే రకం కాదు. ఏడేళ్ళప్పుడు మెడ మీద ఒక్కటంటే ఒక్కటి కుట్టిందట. ఆస్పత్రికి చేరేసరికి పెదాలు నీలంగా మారి, గొంతు పూడుకుపోయి, ఊపిరి ఈలలాగా వచ్చిందట. ఆ పెన్ను తొడలో పొడిస్తే మనిషి నిలబడతాడు, ఆస్పత్రికి చేరేంత వ్యవధి దొరుకుతుంది. పెన్ను చేతికి అందకపోతే పది, పదిహేను నిమిషాలు.

ఇలాంటి మనిషి చేసే ఉద్యోగమేమిటంటే ఫోను టవర్లు ఎక్కడం. తేనెటీగలకి ఆ టవర్లంటే పుట్టినిల్లు. పెన్ను ఎప్పుడూ ఒంటి మీద ఉండాలన్న షరతుతో డాక్టరు ఎక్కొచ్చని రాసిచ్చాడు. పోయిన నెలలో పాత కోటు జేబుకి చిల్లు పడి, పెన్ను నూటఇరవై అడుగుల మీంచి జారిపోయిందట. కిందకి దిగాక గడ్డిలో వెతికి తెచ్చుకున్నాడు. ఆ సంగతి నాకు ఏదో తమాషా కబురులాగా చెప్పి నవ్వాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్కన ఆయన ఊపిరి వినబడుతూ ఉంటే, అది ఈలలాగా మారుతుందేమోనని వింటూ పడుకున్నాను.

అందుకని ఆదివారం తోలుకోటు కొనడానికి బయలుదేరాం. గట్టి తోలైతే ముల్లు అంత తొందరగా దిగదని అత్తగారి నమ్మకం, నాదీ అదే.

నిజం చెప్పొద్దూ, దుకాణంలో అడుగు పెట్టగానే నా భయం సగం ఎగిరిపోయింది. లోపలంతా కొత్త తోలు వాసన. గోడ పొడుగునా నల్లవీ, గోధుమరంగువీ, ఎండిన ఆకు రంగువీ కోట్లు. మెడలో టేపు వేసుకున్న పెద్దాయన, దుకాణం ఆయనే, కుట్టేదీ ఆయనే. మా ఆయన మొదటి కోటు తొడుక్కున్నాడు. భుజాలు జారి, వాళ్ళ నాన్నగారి కోటు వేసుకున్న బడిపిల్లాడిలా ఉన్నాడు. రెండోది ఎంత బాగా అమరిందంటే నేను కాసేపు మాట మర్చిపోయాను. కానీ దాని జేబులన్నీ ఉత్తుత్తివి. పైన మూత, కింద కుట్టు, మధ్యలో ఏమీ లేదు. మూడోదానికి పదకొండు జేబులు. "జేబులన్నీ ఉన్నాయి గానీ కోటు ఎక్కడుంది?" అన్నాడు మా ఆయన. పెద్దాయన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. ముక్కు మీద ఒక్క గీత మందం తేడా వచ్చినా పట్టేస్తానని నాకు పేరు. అదే పట్టుదలతో మా ఆయన్ని ముప్పుతిప్పలు పెట్టాను. చేతులు రెండూ పైకెత్తించాను, నడుము దగ్గర కోటు లేస్తుందేమోనని. గొంతుక్కూర్చోబెట్టాను. ముందుకి వంచాను. చంకల దగ్గర పట్టేస్తుందా లేదా తెలియాలంటే ఎవరినైనా కౌగిలించుకున్నట్టు చేతులు చాచమన్నాడు పెద్దాయన. మా ఆయన ఆలస్యం చెయ్యకుండా నన్నే కౌగిలించుకున్నాడు. పెద్దాయన టేపు సర్దుకునే మిషతో అటు తిరిగాడు.

ఇంతలో పెద్దాయన, అబ్బాయి చేసే పనేమిటని అడిగాడు. టవర్లెక్కుతాడని చెబితే చాలు, ఎవరైనా అయ్యో అంటారు, సలహాలు మొదలుపెడతారు, మా ఆయన మొహం ముడుచుకుంటుంది. ఆ పూట ఆ మొహం ముడుచుకోవడం నాకు ఇష్టం లేదు. "బండి మీద తిరిగే పని," అనేశాను చటుక్కున.

అయితే ఇదీ అని ఆయన నాలుగో కోటు తీశాడు. ముదురు గోధుమరంగు. లోపల, ఎడమ రొమ్ము మీద, పట్టు అస్తరులో జిప్పు ఉన్న జేబు. బండి మీద ఎంత గాలి కొట్టినా తెరుచుకోదన్నాడు. నేను పెన్ను పెట్టి చూశాను. కొలత పెట్టి కుట్టినట్టు సరిపోయింది. పైనుంచి తట్టాను. మా ఆయన గుండె పక్కనే గట్టిగా తగిలింది. ఇంటికొచ్చేదాకా దారి పొడుగునా బండి మీద వెనకనుంచి చెయ్యి వేసి ఆ జేబుని తడుముతూనే ఉన్నాను. ఇక భయం లేదనుకున్నాను.

మంగళవారం పదకొండింటికి ఫోటో పంపాడు. వెనక టవరు కాలు, ముందు మా ఆయన, కొత్త కోటు, దాని మీద టవరెక్కేటప్పుడు కట్టుకునే బెల్టు. "దొరగారు ఎలా ఉన్నారు?" అని కింద రాశాడు. నేను బల్లల మధ్య చిన్న గంతు వేశాను. మా దుకాణంలో అందరికంటే పెద్దావిడని అక్క అంటాం. అక్కకి చూపించాను, అద్దాలు అరగదీసే ఆయనకి చూపించాను, చత్వారం జోడు కోసం వచ్చిన ముసలాయనకి కూడా చూపించాను. ఆయన చత్వారం జోడు పెట్టుకుని మరీ చూశాడు. అందరూ వెళ్ళాక, నవ్వితే మా ఆయన బుగ్గ మీద పడే సొట్ట కోసం ఫోటోని వేళ్ళతో పెద్దది చేశాను. వేలు జారి ఛాతీ దగ్గర ఆగింది.

బెల్టు పట్టీలు రెండు భుజాల మీంచీ దిగి, ఛాతీ మీద ఒకదాన్నొకటి దాటి, మధ్యలో ఇనుప కొక్కెంతో బిగించి ఉన్నాయి. ఎడమ పట్టీ సరిగ్గా లోపలి జేబు మీదుగా పోతోంది. కోటు తెరవాలంటే కొక్కెం విప్పాలి. కొక్కెం విప్పితే మనిషిని టవరుకి పట్టి ఉంచేది ఏదీ లేదు.

ఆదివారం దుకాణంలో చేతులెత్తించాను, కూర్చోబెట్టాను, వంచాను. బెల్టు కట్టించి చూడలేదు.

ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. ఎక్కేటప్పుడు ఆయన ఫోను కింద సంచీలో పడేస్తాడు. ఆ టవరు కాపలా ఆయన్ని మా ఆయన బాబాయ్ అంటాడు. ఒకసారి ఆయన ఫోను నుంచి మాట్లాడితే ఆ నంబరు దాచుకున్నాను. చేస్తే ఆయన తీరిగ్గా ఎత్తి, అబ్బాయి సగం దూరం ఎక్కేశాడని చెప్పాడు. వెంటనే దింపమన్నాను. పైన గాలికి కేకలు వినబడవట. కిందనుంచి పిలవాలంటే టవరు కాలి మీద ఇనుపకడ్డీతో మూడు దెబ్బలు కొడతారట. ఆ అదురు పైదాకా పాకుతుంది, ఎక్కినవాడు ఏ పని మీదున్నా దిగిపోవాలి. వాళ్ళ పనిలో అది కట్టుబాటు.

కొట్టమన్నాను. కడ్డీ నేల మీద గీసుకున్న చప్పుడు ఫోనులో వినబడింది. అంతలో ఆగింది.

"కొట్టమంటే కొడతాను తల్లీ. కానీ పైన మనిషి నిలబడే రెండో అరుగు కింద తేనెపట్టుంది, చాటంత. మీ ఆయన పైనున్నాడు, పట్టు మధ్యలో ఉంది. అదురు ముందు దానికే తగులుతుంది."

"కొట్టకండి," అన్నాను.

పట్టు ఉందని తెలిసి ఎందుకు ఎక్కాడని అడిగాను. తాను వద్దనే చెప్పానన్నాడు కాపలా ఆయన. ఆఫీసుకి కబురు పెట్టాడట, దులిపేవాళ్ళు రేపు వస్తారట. పట్టు అవతలి కాలు వైపు ఉంది, చప్పుడు చెయ్యకుండా ఇవతలినుంచి పోతానన్నాడట మా ఆయన. పోయిన వారం అయితే ఎక్కేవాడు కాదట. "ఇప్పుడు కోటుందిగా బాబాయ్, మా ఆవిడ కొనిపెట్టింది అన్నాడమ్మా," అన్నాడు.

అక్క నా చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కుంది. నేను ఎవరిదో కుడి అద్దాన్ని ఎడమవైపు బిగిస్తున్నానట. కుర్చీలో కూలేసి, కూర్చోవే అంది. అక్కడికి వెళ్ళాలంటే గంటన్నర. వెళ్ళి చేసేదీ లేదు. ఫోను పెట్టెయ్యొద్దని కాపలా ఆయన్ని బతిమాలాను. కత్తి ఉందా అని అడిగాను. కూరలు కోసుకునేది ఉందన్నాడు. కుట్టించుకుని దిగితే కొక్కెం కోసం తడుముకోవద్దు, పట్టీ కోసెయ్యండి, కోటు కూడా కోసెయ్యండి, ఎడమవైపు లోపల పెన్నుంటుంది, తొడలో పొడిచి పది లెక్కపెట్టండి, ఏడుకి తియ్యొద్దు అని చెప్పాను. ఆయన ప్రతి ముక్కా తిరిగి అప్పజెప్పాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి, మా ఆయన వచ్చిన ఆఫీసు జీపు తాళం బండికే పెట్టి ఉంచుతానన్నాడు. అంత మంచి మనిషి ముక్కూ మొహమూ నాకు తెలియవు.

నలభై నిమిషాలు. పెళ్ళిలో కూడా నేను అంతసేపు ఒకచోట కదలకుండా కూర్చోలేదు. పైన పెట్టె మూత తీశాడు అనేవాడు. తీగ మారుస్తున్నాడు అనేవాడు. మూత పెట్టేశాడు. దిగుతున్నాడు. ఆ తర్వాత మాట ఆగిపోయింది. గాలి హోరు ఒక్కటే.

"ఏమైంది? ఎందుకు మాట్లాడరు?"

"ఊరుకో తల్లీ. పట్టు పక్కనున్నాడు."

నేను నోటికి పమిట అడ్డం పెట్టుకున్నాను, నా ఊపిరి అంతదూరం వినబడుతుందేమో అన్నట్టు. ఒక్కొక్క మెట్టూ దిగుతున్న ఆయన బూట్లు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ బూట్ల తాడు పొద్దున నేనే ముడివేశాను.

"దాటాడు," అన్నాడు కాపలా ఆయన. కాసేపటికి, "నేల మీద కాలు పెట్టాడు," అన్నాడు. అక్కకి నా మొహంలో అర్థమైంది కాబోలు, తనూ కూర్చుంది.

మా ఆయన ఫోను తీసుకుని, ఏంటోయ్ బాబాయ్‌తో కాపురం పెట్టావా అని నవ్వబోయాడు. నేను పట్టీ సంగతి చెప్పాను. నవ్వు ఆగింది.

"తెలుసు," అన్నాడు.

ఎప్పుడు తెలుసని అడిగాను. బెల్టు బిగించుకున్నప్పుడే అన్నాడు. మరి ఎందుకు ఎక్కారని అడిగాను.

"నువ్వంత ముచ్చటపడి కొన్నావు. జేబు పనికిరాదని ఎలా చెప్పేది?"

అప్పటిదాకా నేను ఆయన్ని మీరు అనే పిలిచాను. అత్తగారు చెప్పారని కాదు, అలా పిలవడంలో నాకే ఏదో కొత్త సరదా ఉండేది.

"నా ముచ్చట తీర్చడానికి చచ్చిపోతావా నువ్వు?" అన్నాను. దుకాణంలో అందరూ తల తిప్పారు. ఫోను పెట్టేసి, ముడుచుకున్న మొహాన్ని చూడకూడదని ఆదివారం నేను ఆడిన అబద్ధం గుర్తొచ్చి, అప్పుడు ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం సెలవు పెట్టి కోట్ల దుకాణానికి వెళ్ళాం. మా ఆయన సంచీలోంచి బెల్టు తీసి బల్ల మీద పెట్టాడు. ఈసారి నేను అంతా చెప్పాను. టవరు, తేనెటీగ, పెన్ను, నేను ఆడిన అబద్ధం. పెద్దాయన అయ్యో అనలేదు. "ముందే చెప్పుంటే ఈ కోటు మీకు ఇచ్చేవాణ్ణే కాదమ్మా," అని మాత్రం అన్నాడు. బెల్టు తొడిగించి, చుట్టూ తిరిగి, పట్టీలు పోయే చోటల్లా సుద్దతో గీతలు పెట్టాడు. ఛాతీ పోయింది, నడుము పోయింది. మిగిలింది చేతులే. ఎడమ దండచేతి మీద బయటివైపు, అదే రంగు తోలు ముక్కతో మూతున్న జేబు కుట్టాడు. జిప్పుకి రెండు చేతులు కావాలి గనక టిచ్ బటన్ పెట్టాడు. పెన్ను జారిపోకుండా లోపల తొడదాకా అందే సన్నటి తాడు ఒకటి కుట్టి ముడివేశాడు.

మా ఆయన బెల్టు బిగించుకుని, ఎడంచేత్తో దుకాణం బీరువా కమ్మీని నిచ్చెన పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నేను ఫోనులో సెకన్లు పెట్టాను. బటన్ లాగి పెన్ను తొడకి ఆనించేసరికి తొమ్మిది. రెండోసారి ఆరు. వచ్చినవాళ్ళు ఒకరిద్దరు నిలబడి చూస్తున్నారు. ఇలాంటప్పుడు ఆయన ఏదో ఒక జోకు వేస్తాడు. వెయ్యలేదు.

"చిన్నప్పుడు నాకేం కనబడలేదు," అన్నాడు నెమ్మదిగా. "కళ్ళు వాచి మూసుకుపోయాయి. అంతా చీకటే."

పెన్ను మళ్ళీ జేబులో పెట్టి, బటన్ నొక్కాను. ఆయన కమ్మీ గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఊఁ, లెక్కపెట్టు," అన్నాడు.