నొప్పి తెలియని కాలు

గౌలిపురలో బర్రెల కొట్టాలు ఇంకా మిగిలి ఉన్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో బాలనర్సింహ ఇల్లు ఒకటి. ఆ గురువారం సాయంత్రం ఆయన గుమ్మం ముందు పది పదిహేను మంది గుమిగూడారు. పాల కోసం వచ్చిన వాళ్లు కొందరు, ఆయన కూతురు స్రవ్యను చూడడానికి వచ్చిన వాళ్లు మరికొందరు.

ఇరవై నాలుగేళ్ల స్రవ్యకు ఫుట్‌బాలే వృత్తి. పక్క రాష్ట్రంలోని ఒక క్లబ్బుకు ఫార్వర్డ్‌గా ఆడుతుంది. అంటే గోల్ కొట్టే భారం మోసే మనిషి అన్నమాట. వచ్చే బుధవారం ఫైనల్ ఉంది. మూడు రోజులు ఇంటికి పంపారు, శనివారం పొద్దున మళ్లీ వెళ్లిపోవాలి. గల్లీ మొదట్లో ఆమె బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో స్రవ్య కుడిచేతి పిడికిలి బిగించి పైకెత్తి ఉంది. కింద "గౌలిపుర ఆడపులి" అని రాయించారు. ఆ మాట రాయించినది బస్తీ సంఘం అధ్యక్షుడు జగదీశ్వర్. ఆయనది పప్పుల హోల్‌సేల్ దుకాణం. మర్నాడు సాయంత్రం కమ్యూనిటీ హాలులో స్రవ్యకు సన్మానం పెట్టామని చెప్పడానికే ఇప్పుడు వచ్చాడు.

స్రవ్య అరుగు మీద కాళ్లు చాపుకొని ఆయన చెప్పేది వింటోంది. తల్లి సుగుణమ్మ ఉడకబెట్టిన దాణా బకెట్టుతో లోపలి నుంచి వచ్చి, జనంలో దారి చేసుకోబోయి తూలింది. పొగలు కక్కే దాణా స్రవ్య కుడిపాదం మీద ఒలికింది. సుగుణమ్మ కెవ్వుమంది. స్రవ్య మాత్రం కదల్లేదు.

"ఏమైందమ్మా?" అని తల్లి ముఖం చూసి అడిగింది. తర్వాతే తన కాలు చూసుకుంది. చర్మం అప్పటికే ఎర్రగా కందిపోయింది.

జగదీశ్వర్ చప్పట్లు కొట్టాడు. "చూసిన్రా! ప్లేయర్ కాలంటే గిది! ఉడుకుడుకు దాణా పడ్డా ఫికర్ లేదు!"

అందరూ నవ్వారు. సుగుణమ్మ కూడా గుండె మీద చెయ్యి వేసుకొని నవ్వింది. ఇది చదువుతున్న మీరూ నేనూ అక్కడ ఉంటే బహుశా మనమూ నవ్వేవాళ్లం. ధైర్యం అనగానే మనకు అంత సంబరం మరి. కాలిన కాలికి మంట ఎందుకు తెలియలేదని అడగాలన్న ఆలోచన ఆ పదిహేను మందిలో ఒక్కరికే వచ్చింది.

ఆమె రాహేలు. పక్క గల్లీలో ఉంటుంది, ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. బస్తీలో అందరూ రాహేలు సిస్టర్ అనే పిలుస్తారు. పాల డబ్బా అరుగు మీద పెట్టి, బిందెడు చల్లటి నీళ్లు తెప్పించి స్రవ్య పాదం మీద చాలాసేపు పోసింది. జనం పలచబడ్డాక మూలనున్న చీపురులోంచి ఒక పుల్ల విరిచింది.

"కండ్లు మూసుకో బిడ్డా. పుల్ల ఎక్కడ తాకిందో చెప్పు."

ఎడమపాదం మీద పుల్ల ఆనిన ప్రతిసారీ స్రవ్య సరిగ్గానే చెప్పింది. కుడిపాదం దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకొని అలాగే కూర్చుంది.

"పెట్టు సిస్టర్," అంది కాసేపాగి.

"పెట్టిన. నాలుగుసార్లు పెట్టిన," అంది రాహేలు.

పాలు పితుకుతున్న బాలనర్సింహ చేతులు ఆగిపోయాయి.

ఆ పాదం కథ తెలియాలంటే పదమూడేళ్లు వెనక్కి వెళ్లాలి. స్రవ్య అప్పుడు సర్కారు బడిలో ఆరో తరగతి. తాడు తెంపుకొని ఉరికిన బర్రెను గల్లీలో ఆ పిల్ల అడ్డగించిన తీరును వ్యాయామం సారు వెంకటనారాయణ చూశాడు. అది ఎటు తిరుగుతుందో దానికంటే ముందే ఈ పిల్లకు తెలిసిపోతోంది. మర్నాడే తీసుకెళ్లి ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. మంచి మనిషి. తన జీతంతో పిల్లలకు బూట్లు కొనిపెట్టినవాడు. కానీ ఆయన దగ్గర ఒక మాట ఉండేది. "కుంటితే బెంచి." ఆటలో ఎవరైనా కుంటినట్టు కనిపిస్తే పక్కన కూర్చోబెట్టేవాడు, మళ్లీ రెండు వారాలు పిలిచేవాడు కాదు. పిల్లలు గట్టిపడాలని ఆయన ఉద్దేశం. పిల్లలు మాత్రం కుంటకుండా నడవడం నేర్చుకున్నారు. స్రవ్య అందరికంటే బాగా నేర్చుకుంది.

పద్దెనిమిదేళ్లకు క్లబ్బులో చేరింది. ఇరవయ్యో ఏట ఒక సెమీఫైనల్‌కు ముందు కుడికాలు మడత పడింది. క్లబ్ డాక్టరు కాలు మొద్దుబార్చే సూది వేశాడు. పావుగంటలో నొప్పి మాయమైంది. ఆ రోజు రెండు గోల్స్ కొట్టింది. ఇక అక్కడి నుంచి అదొక అలవాటు. బూట్ల లేసు కట్టుకోవడం, సూది వేయించుకోవడం, మైదానంలోకి దిగడం. క్లబ్బులో ఫిజియో మ్యాచ్‌కు ముందు ప్రతి అమ్మాయినీ నొప్పి ఎంత అని అడుగుతుంది. పదిలో ఎంతో వేళ్లతో చూపించాలి. వేళ్లు విప్పితే ఆ రోజు ఆట లేదు. పిడికిలి అంటే సున్నా. స్రవ్య నాలుగేళ్లుగా పిడికిలే చూపిస్తోంది.

ఇక ఆ ఫ్లెక్సీ బొమ్మ సంగతి. ఒక మ్యాచ్‌లో గోల్ కొట్టి కిందపడి లేచిన స్రవ్యను, మైదానం గీత అవతల నుంచి ఫిజియో ఎలా ఉందని సైగ చేసి అడిగింది. స్రవ్య పిడికిలి ఎత్తి చూపించింది. అప్పుడే ఎవరో ఫొటో తీశారు. పత్రికలో అది విజయగర్జన అయింది, మన జగదీశ్వర్ చేతిలో ఆడపులి అయింది. బస్తీలో పిల్లలు గోలీలాటలో గెలిచినా ఆ పిడికిలే ఎత్తుతున్నారు.

రాహేలు సిస్టర్ వెళ్లాక బాలనర్సింహ కూతురి పక్కన కూర్చున్నాడు.

"ఎన్నటి సంది గిట్లున్నది బిడ్డా?"

"బోనాల ముందటి సంది కావచ్చు బాపు. గుర్తు లేదు."

"ఒక్కనాడన్న చెప్పకపోతివి. వీడియో ఫోన్ల అడిగితే గా పిడికిలే చూపిస్తివి."

అప్పుడు స్రవ్య ఆ పిడికిలికి అర్థం చెప్పింది. వంట ఎలా చెయ్యాలో చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

"మొదట్ల అబద్ధం చెప్పిన బాపు. మస్తు నొప్పి ఉండేది, సున్నా అని చూపించిన. ఇప్పుడు అబద్ధం గాదు. నిజంగనే సున్నా."

"మరి ఆడబుద్ధి అయితున్నదా?"

స్రవ్య ఆలోచించింది. "తెల్వదు. గోల్ కొడితే అందరొచ్చి మీద పడ్తరు. నేను గూడ నవ్వుత. లోపట ఏమనిపిస్తలేదు. బస్సెక్కినట్టు, దిగినట్టు, గంతే."

బాలనర్సింహకు ఏడుపు వచ్చింది. కూతురి ముఖంలో ఏమీ లేదని చూసి ఇంకా ఎక్కువ వచ్చింది. నొప్పి అని ఏడ్చే బిడ్డనైతే ఎత్తుకోవచ్చు. నొప్పే లేదనే బిడ్డను ఎక్కడ పట్టుకోవాలి?

శుక్రవారం పొద్దున రాహేలు తండ్రీకూతుళ్లిద్దరినీ తమ ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఎముకల డాక్టరు కాలిన చర్మానికి కట్టు కట్టించి, పాదానికి ఎక్స్‌రేలు తీయించి చాలాసేపు చూశాడు. పాదంలో ఎముక ఎప్పుడో చిట్లింది. చిట్లిన ఎముక మీదే ఈమె ఇన్ని నెలలూ పరుగెత్తింది. నరం దెబ్బతిన్నది, స్పర్శ తిరిగి వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నాడు.

"ఆరు నెలలు ఆట మాటే ఎత్తొద్దు. ఇంకో సూది మీద ఆడితే, రేపు ఈ కాలు నడవడానికి కూడా పనికిరాకపోవచ్చు," అని తేల్చి చెప్పాడు.

ఆటో కోసం బయట నిలబడి ఉండగా క్లబ్ మేనేజరు ఫోన్ చేశాడు. స్రవ్య స్పీకర్ పెట్టి డాక్టరు చెప్పినదంతా అప్పజెప్పింది.

"అయ్యో, అలాగా! జాగ్రత్తమ్మా," అన్నాడు మేనేజరు నిజంగానే బాధపడుతూ. "ఈ ఒక్క మ్యాచ్. ఒక్క సూది. ఆ తర్వాత ఎంత రెస్ట్ కావాలంటే అంత తీసుకో. సరేనా?"

"సరే సార్," అంది స్రవ్య.

ఫోన్ పెట్టేశాక బాలనర్సింహ ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. "సరే అంటివేందే?"

"నోటికి గదే వస్తది బాపు," అంది స్రవ్య. ఆటో వస్తే ఎక్కి కూర్చుంది.

ఆ సాయంత్రం కమ్యూనిటీ హాలు నిండిపోయింది. ముందు వరుసలో సర్కారు బడి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు నీలం జెర్సీల్లో కూర్చుంది. వాళ్ల పక్కన జుట్టు నెరిసిన వెంకటనారాయణ సారు. కాలి కట్టు బయటికి కనిపించకుండా స్రవ్య పొడుగు పైజామా వేసుకుంది. జగదీశ్వర్ శాలువా కప్పి, పూలదండ వేసి, మైకులో గట్టిగా అరిచాడు.

"ఫైనల్‌ల గూడ మన స్రవ్యే గోల్ కొడ్తది! ఏమంటరు?"

"పిడికిలి! పిడికిలి!" అని హాలంతా అరిచింది.

స్రవ్య చెయ్యి దానంతటదే లేవబోయింది. బాలనర్సింహ వేదిక ఎక్కి ఆ చేతిని పట్టుకొని కిందికి దించాడు. జీవితంలో మైకు పట్టుకోని మనిషి, దాన్ని నోటికి మరీ దగ్గరగా పెట్టుకొని మాట్లాడాడు.

"నాకు మాటలు రావు. ఈడ పాల పని చేసెటోళ్లు శానామంది ఉన్నరు, మీకు సమజైతది. నా కొట్టంల ఒక బర్రెకు దుడ్డె సచ్చిపోయింది. దుడ్డె లేకుంటే బర్రె చేపదు, పాలియ్యదు. మరి నేనేం చేసిన? పొద్దుకొక సూది, మాపుకొక సూది వేసిన. పాలొచ్చినయి. బిందె నిండినన్ని దినాలు బర్రె మంచిగున్నదనే అనుకున్న. అది దుడ్డె కోసం ఏడ్చే యాళ్లల్ల నేను పిండుకున్న. రెండేండ్లకు ఎందుకూ పనికిరాకుండ పోయింది."

పాలవాళ్లు కొందరు తలలు వంచుకున్నారు.

"నా బిడ్డకు గూడ గట్లనే వేసిన్రు. క్లబ్బోళ్లు వేసిన్రు, నేను టీవీల చూసి ఈలలు కొట్టిన. గోల్ పడ్డనాడు గోల్ గురించి అడిగిన గానీ, కాలెట్లున్నదని ఒక్కనాడు గట్టిగ అడగలె. నిన్న కాలు కాలితే అందరం నవ్వినం. దానికి కాలినట్టు తెల్వనే లేదు. గా కాలు సచ్చుబడ్డది."

జగదీశ్వర్ దండల పళ్లెం పట్టుకొని ఉన్నచోటే నిలబడిపోయాడు. బాలనర్సింహ మైకును కూతురికి ఇచ్చాడు. "నీ కాలు, నీ ఆట. నువ్వే చెప్పు బిడ్డా," అన్నాడు.

స్రవ్య మైకు అందుకుంది. ఫైనల్ ఆడకపోతే క్లబ్బు మళ్లీ పిలవకపోవచ్చని ఆమెకు తెలుసు. ఫార్వర్డ్‌లకు కొదవ లేదు. భయం వేయాలి, వేయడం లేదు. దుఃఖం రావాలి, రావడం లేదు. తనకేమీ అనిపించడం లేదన్న సంగతి ఒక్కటే ఆమెకు మొదటిసారి భయంకరంగా తోచింది.

"బుధవారం నేను ఆడ్తలేను," అంది. "నా కాలికి నొప్పి ఎప్పుడొస్తదో అప్పటిదాక ఆగుత."

చప్పట్లు లేవు. ఆడనన్న మనిషికి చప్పట్లు కొట్టాలో లేదో జనానికి తెలియలేదు. అప్పుడు వెంకటనారాయణ సారు లేచాడు. వేదిక ఎక్కలేదు. తన జట్టు వైపు తిరిగాడు.

"కుంటితే బెంచి అని నేర్పింది నేనే. తప్పు నాది. ఇప్పుడడుగుతున్న, నిజం చెప్పున్రి. మీలో ఎవరికన్నా ఎక్కడన్నా నొప్పి ఉన్నదా?"

పదకొండు మంది పిల్లలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు. చాలాసేపటికి చివరి కుర్చీలోని స్వీటీ, ఏడో తరగతి పిల్ల, సగం చెయ్యి ఎత్తింది.

"సార్... పన్ను నొస్తుంది."

హాలంతా గొల్లుమంది. అంత బరువుగా కూర్చున్న జనానికి నవ్వడానికి ఒక సాకు దొరికింది. స్వీటీ సిగ్గుతో చెయ్యి దించేసుకుంది.

స్రవ్య మాత్రం నవ్వలేదు. వేదిక దిగి, కుడికాలి మీద బరువు మోపకుండా కుంటుకుంటూ ఆ పిల్ల దగ్గరికి వెళ్లి కింద కూర్చుంది. "ఎన్ని దినాల సంది?" అని అడిగింది.

"పదిహేను దినాలయితుంది అక్కా. రాత్రి నిద్ర పడ్తలేదు."

ఎవరికి చెప్పావని అడిగితే ఎవరికీ చెప్పలేదంది. మ్యాచ్‌లు ఉన్నాయి కదా, అంది. ఆ పిల్ల తల్లి వెనక వరుసలో లేచి నిలబడింది. బిడ్డ అన్నం తక్కువ తింటోందని రెండు వారాలుగా తిడుతున్న తల్లి ఆమె. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

వెంకటనారాయణ సారు జనం వైపు తిరిగి, పిల్లలకు పాఠం చెప్పినట్టే నెమ్మదిగా చెప్పాడు.

"నొప్పి అని చెప్పిన పిల్లను చూసి మనం నవ్వినం. ఒక్కసారి నవ్వితే ఆ పిల్ల మళ్లా చెప్పదు, చెప్పక చెప్పక చివరికి నొప్పే తెల్వకుండ పోతది. అందుకే పిల్లలు గెలిచినప్పుడు చప్పట్లు కొట్టకున్నా ఏం కాదు గానీ, నొస్తుంది అన్నప్పుడు మాత్రం నమ్మున్రి."