వంటమనిషి బిడ్డ

హొసకోటె అవతల, ఇటుక బట్టీల వెనక ఉన్న పిల్లల ఇంట్లో గంగమ్మ మూడేళ్లుగా వంట చేస్తోంది. మొగుడు సెంట్రింగు పలకల మీంచి పడి చనిపోయాక, కూతురు పల్లవిని చేర్చుకోమని అడగడానికి వచ్చింది మొదట. ఆ ఇల్లు నడిపే దేవదాసు అయ్యగారు ఫారం నింపుతూ తండ్రి లేడని రాసి, ఒక క్షణం ఆగారు. "తల్లి కూడా లేదని రాస్తే స్పాన్సర్లు తొందరగా దొరుకుతారమ్మా. కాగితం మీదే కదా," అన్నారు. 'చేర్చినవారు: దూరపు బంధువు' అని రాసినచోట గంగమ్మ వేలిముద్ర వేసి, తాను చచ్చిపోయినట్టు ఒప్పుకుంది.

అయ్యగారు దయలేనివారు కాదు. నెల తిరక్కముందే ఆమెకు వంటపని ఇచ్చి, తల్లీబిడ్డలను ఒకే కప్పు కింద ఉంచారు. విదేశాల నుంచి ఎవరైనా వచ్చిన రోజున మాత్రం పల్లవి ఆమెను ఆంటీ అని పిలవాలి. అది తప్ప ఇంకే ఇబ్బందీ లేదు.

ఏప్రిల్‌లో పల్లవిని చదివిస్తున్న హెలెన్ అనే ఆవిడ కెనడా నుంచి వచ్చింది. రిటైరైన టీచరు. పల్లవి కోసం తన చేత్తో అల్లిన ఉన్ని స్వెట్టరు తెచ్చింది. మూడేళ్ల కిందటి ఫోటో చూసి కొలత వేసుకుంది కాబట్టి చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. పల్లవి ఆ ఎండలో దాన్ని తొడుక్కుని, చెమటలు కారుతున్నా నవ్వుతూ కూర్చుంది.

భోజనాల దగ్గర గంగమ్మ కారం తగ్గించిన పప్పు వడ్డించింది. కూతురి నుదుటి మీద పడిన వెంట్రుకలను అలవాటుగా వెనక్కి తోసింది. అది హెలెన్ కంటపడింది.

"తల్లి లేని పిల్లవు. నిన్ను సొంత బిడ్డలా చూసుకోమని ఆమెతో చెప్పు," అంది ఇంగ్లీషులో.

పల్లవి తల్లివైపు చూడలేదు. "నన్ను నీ సొంత బిడ్డ మాదిరి చూసుకోవల్లంట, ఆంటీ."

గంగమ్మ గరిటెను పప్పులో చాలాసేపు తిప్పింది. "సరేనని చెప్పు."

"ఆమెకు పిల్లలున్నారా?"

"నీకు బిడ్డలు ఉండారా అంటాంది."

తాను లేనని రాస్తే ఊరుకుంది గానీ, బిడ్డ లేదనడానికి గంగమ్మకు నోరు రాలేదు. "ఒక ఆడబిడ్డ ఉండాది," అంది.

హెలెన్ ముద్ద వదిలేసింది. ఇంతమంది పరాయి పిల్లలకు వండిపెడుతూ సొంత బిడ్డకు దూరంగా బతుకుతున్న ఆడమనిషిని చూసి ఆమె కళ్లు నిండాయి. దేవదాసు గారు రాగానే, ఆ బిడ్డను కూడా తానే చదివిస్తాననీ, జూన్‌కల్లా ఇక్కడికి తెప్పించమనీ చెప్పింది. "పిల్ల తల్లి దగ్గర ఉండాలి," అంది. దేవదాసు గారు ప్రభువుకు స్తోత్రం అంటూ గంగమ్మ వైపు చూశారు.

హెలెన్ కారు వెళ్లిపోయాక ఆయన వంటింట్లోకి వచ్చి బియ్యం మూట మీద కూలబడ్డారు.

"ఎంత పని చేశావు గంగమ్మా. ఇప్పుడు ఆ బిడ్డ పేరు, ఫోటో పంపాలి."

"ఉండేది చెప్పేయండి, అయ్యగారూ."

"ఏమని? చనిపోయిన తల్లి చేతి వంటే మీరు తిన్నారనా?"

గంగమ్మ అంట్లు తోముతూ ఆలోచించింది. జిగణి దగ్గర అపార్ట్‌మెంట్ కడుతున్నచోట, రేకుల షెడ్డులో, కదిరి నుంచి వచ్చిన ఆమె ఊరివాళ్లు ఉన్నారు. వాళ్ల స్వప్నకు తొమ్మిదేళ్లు. బడి మానేసి తమ్ముణ్ణి ఎత్తుకు తిరుగుతోంది. "మా ఊరోళ్ల బిడ్డ ఒకటి ఉండాది," అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి వెళ్లింది. స్వప్న తల్లి అంతా విని, "నా బిడ్డను నీ బిడ్డని రాస్తారా, అక్కా?" అని అడిగింది.

"కాగితం మీదే కదా," అంది గంగమ్మ. ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి, టీ గ్లాసు అందుకుంది.

జూన్‌లో స్వప్న వచ్చింది. తల్లీబిడ్డలు కలిసి ఉన్న ఫోటో కావాలని హెలెన్ రాసింది. గంగమ్మ ఆదివారం ఆరాధనకు కట్టుకునే చీర కట్టుకుని మెట్ల మీద నిలబడింది. ఫోను పల్లవి చేతికిచ్చారు. ఫోటోలు ఆ పిల్లే బాగా తీస్తుంది.

"స్వప్నా, అట్ల దూరం నిలబడితే ఎట్ల? అమ్మకు ఆనుకో," అంది పల్లవి. స్వప్న ఆనుకుంది. భుజం మీద చెయ్యి వెయ్యమని అయ్యగారు చెబితే గంగమ్మ వేసింది. మూడుసార్లు తీశారు.

మరుసటి నెల హెలెన్ దగ్గర్నుంచి పల్లవికి ఉత్తరం వచ్చింది. వంటామెకు సొంత బిడ్డ వచ్చింది కదా, ఇక నిన్ను మునుపటిలా పట్టించుకోలేకపోవచ్చు, బాధపడకు, నీకు నేనున్నాను అని అందులో ఉంది. పల్లవి పొయ్యి దగ్గర నిలబడి రెండు పేజీలూ చదువుకుంది.

"ఏమి రాసిండాది?" అంది గంగమ్మ.

"ఏం లేదు మా. బాగా చదువుకోమనింది."

అంత చిన్న మాటకు రెండు పేజీలెందుకని గంగమ్మ అడగలేదు. పళ్లెంలో అన్నం పెట్టి కూతురి ముందుకు జరిపింది. తర్వాత తలుపు దగ్గర నిలబడి చూస్తున్న స్వప్నను కూడా రమ్మంది.